తెర వెనుకకు దారి

భరతముని నాట్యశాస్త్రమున ప్రేక్షాగృహ నిర్మాణమును వివరించుచు, మానవులకు తగిన ప్రమాణముగా 64 హస్తముల నిడివియు 32 హస్తముల వెడల్పును గల మంటపమును విధించి, దానిని సరిసగముగా విభజించి, ముందరి సగమును ప్రేక్షకులకు విడిచి, వెనుకటి సగమును మరల రెండు పాళ్లు చేసి, అందొక పాలు రంగమునకును, కట్టకడపటి పాలు నేపథ్యగృహమునకును కేటాయించినాడు. నటుడు నిలిచి ఆడుటకు ఎంత చోటు కావలెనో, అంతకు ముందు వేషము దాల్చి సిద్ధపడుటకును అంత చోటే కావలెనని ఆ మహర్షి నిర్ణయము. మంటపమంతటిలో నాలుగవ వంతు ప్రేక్షకుని కన్ను ఎన్నడును సోకని తావు! నేడు మన పట్టణములలో కట్టుచున్న సభాభవనములలో పలుచోట్ల వాకిట పాలరాతి మెట్లును, లోపల మెత్తని కుర్చీలును అమరియుండునుగాని, వేదిక వెనుకకు పోయి చూచినచో ఒక ఇరుకు గదియు, అందొక చిన్న అద్దమును తప్ప మరేమియు కానరాదు. ఇది కేవలము స్థలాభావముచేత జరిగినది కాదు. నాటకమనగా తెర ముందు జరుగునది మాత్రమేయను భావము మనలో నానాటికి స్థిరపడుటచేత జరిగినది.

ఆ శాస్త్రమందే సిద్ధివ్యంజకాధ్యాయమున ప్రేక్షకుని లక్షణములును చెప్పబడినవి. పాత్ర సంతోషించినపుడు తానును సంతోషించి, శోకించినపుడు తానును శోకింపగలవాడే ప్రేక్షకుడనియు, చెప్పిన గుణములన్నియు ఒక్కనియందే కానవచ్చుట దుర్లభమనియు, వయసునుబట్టియు స్వభావమునుబట్టియు ఒకరు శృంగారమును, ఒకరు వీరమును, ఒకరు హాస్యమును కోరుదురనియు అందు కలదు. నటునకు శిక్షణ విధించిన శాస్త్రమే ప్రేక్షకునకును యోగ్యతను విధించినది. నాటకమునకు ప్రేక్షకులు తగ్గిపోయిరని వగచుట మనకు అలవాటైనదిగాని, వెనుకటి ప్రేక్షకునకు ఆ యోగ్యత ఎట్లబ్బెనో విచారించుట అరుదు. నా అభిప్రాయమున అది అతనికి తెర ముందు కూర్చుండుటచేత గాక, తెర వెనుక మసలుటచేత అబ్బినది. క్రొత్తవారిని నాటకమునకు రప్పింపవలెనన్నచో వారికిని ఆ దారినే తెరవవలసియున్నది.

ఆధునికాంధ్ర నాటకము తొలినాళ్లలో ఔత్సాహికుల చేతులలో పెరిగినది. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు వ్యవహారధర్మబోధినిని తన విద్యార్థులచేత ఆడించెను. 1886లో బళ్లారిలో వకీలుగానున్న ధర్మవరము రామకృష్ణమాచార్యులు చిత్రనళీయముతో నాటకసమాజమునకు పునాది వేసెను. 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావు కన్యాశుల్కమును తొలిసారి ప్రదర్శించిరి. ఆడినవారు విద్యార్థులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, గుమాస్తాలు. చూడవచ్చినవారు వారి సహాధ్యాయులు, కక్షిదారులు, బంధువులు, ఇరుగుపొరుగువారు. నటునికిని ప్రేక్షకునికిని నడుమ తెర యొక్కటియే అడ్డుగాని, అది తొలగినపిమ్మట ఇరువురును ఒక వీధివారే.

పల్లెలలో ఈ సంబంధము మరింత గాఢముగా నుండెను. పంటలు ఇంటికి చేరి పనులు తీరిన దినములలో ఊరి యువకులు పదుగురు కూడి, సత్యహరిశ్చంద్రయో, రామాంజనేయ యుద్ధమో, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోని రాయబారమో ఆడవలెనని సంకల్పించి, పొరుగూరినుండి హార్మోనియము మాస్టరును పిలిపించి, అతనికి ఒక ఇంట భోజనమును మరియొక ఇంట పడకయు ఏర్పాటు చేసి, నెలల తరబడి రాత్రివేళల పద్యములకు వరుసలు కట్టుకొనుచుండిరి. ఆ సాధన చావడిలోనో బడిపాకలోనో జరుగును గనుక ఊరిలో దానిని విననివాడు లేడు. కృష్ణవేషధారికి ఏ పద్యమున ఊపిరి చాలదో, అర్జునుడు ఏ మాటకడ తడబడునో పశువులు కాచు పిల్లవానికిని తెలియును. ఆటనాటికి వడ్రంగి బల్లలు పేర్చి రంగము కట్టును. ఒకడు పట్టణమునకు పోయి కిరీటములు, భుజకీర్తులు, రంగుతెరలు అద్దెకు తెచ్చును. స్త్రీవేషమునకు పట్టుచీర ఏదో యొక ఇంటి పెట్టెలోనుండి రావలెను. పెట్రోమాక్సు దీపములకు గాలి కొట్టువాడొకడు, ప్రాంప్టింగు చెప్పువాడొకడు, తెరత్రాడు పట్టువాడొకడు. ఇన్ని చేతులు పడిన పిమ్మట ఆ రాత్రి నేలపై చాపలు పరచుకొని కూర్చున్న జనములో నేపథ్యముతో చుట్టరికము లేనివారు ఎందరుందురు? పద్యము ముగిసీ ముగియకముందే ‘వన్స్‌మోర్’ అని కేకవేసినవాడు ఊరకే వినోదముకొరకు వేయలేదు. ఆ రాగము అట్లు పలుకుటకు ఎన్ని రాత్రులు పట్టినదో ఎరిగి వేసినాడు.

ఆ చుట్టరికము సడలుటకు సినిమా ఒక్కటియే కారణమని చెప్పుట సులభముగాని, అది పూర్తి సత్యము కాదు. నాటకములోపలనే కొన్ని మార్పులు వచ్చినవి. పద్యనాటకమున గాత్రప్రసిద్ధులైన నటులకు గిరాకి పెరిగిన కొలది, కాంట్రాక్టర్లు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క ప్రసిద్ధుని కుదిర్చి, ఒక్క రాత్రికి కలిపి ఆడించు పద్ధతి ప్రబలినది. అపురూపమైన గానమును పల్లెలవారికి వినిపించిన మేలు ఆ పద్ధతికి కలదు. కాని నెలల సాధన ఊరినుండి వెడలిపోయినది; ఊరివాడు కేవలము శ్రోతయైనాడు. మరియొక వైపున, 1929లో తెనాలిలో నెలకొన్న ఆంధ్ర నాటక కళాపరిషత్తును అనుసరించి ఊరూర పరిషత్తులు వెలసి, పోటీలు పెట్టి, గొప్ప నాటకకర్తలను, నటులను వెలికి తెచ్చినవి. అయినను పోటీప్రదర్శనమున నాటకము తీర్పరులవైపు తిరిగి నిలుచును. కాలక్రమమున అనేకస్థలముల ముందువరుసలలో ఇతర సమాజములవారును, వెనుకవరుసలలో ఖాళీ కుర్చీలును మిగిలినవి. ప్రవేశము ఉచితమగుటచే ప్రేక్షకులు పెరుగుదురనుకొన్నారుగాని, రూకయైనను ఈయక లోనికి వచ్చినవాడు మనసు నిలుపకయే వెడలిపోవుటయే తరచు కనబడినది.

తెర వెనుక జీవితమును తెర ముందరి జీవితమునుండి వేరు చేయక 1885 మొదలు నేటివరకు నిలుపుకొని వచ్చిన నాటకవంశము మనకొకటి కలదు. కడప జిల్లాలోని సురభి గ్రామమున ఒక వివాహ సందర్భమున వనారస గోవిందరావు ప్రభృతులు కీచకవధ నాటకమును ఆడి మెప్పు పొందిరి. ఊరి పేరే సమాజమునకు పేరైనది. వారి పూర్వులు మహారాష్ట్రమునుండి వలసవచ్చి తోలుబొమ్మలాటతో జీవించినవారు. తెర వెనుక దీపము నిలిపి బొమ్మల కీళ్లు కదిపి పద్యము పాడిన వంశమునకు త్రాళ్లతోడను, వెలుగునీడలతోడను తెరపై అద్భుతములు కల్పించు నైపుణ్యము క్రొత్తగా నేర్వవలసిన పని లేకపోయెను. బొమ్మలాడించిన చేతులే వేషములు కట్టి రంగమెక్కినవి. కుటుంబమే సమాజమగుటచేత, స్త్రీపాత్రలను పురుషులు ధరించుట లోకాచారముగానున్న కాలముననే సురభివారి ఆడుబిడ్డలు రంగస్థలమున నిలిచిరి. తొలి తెలుగు టాకీయగు భక్త ప్రహ్లాద 1932లో విడుదలైనపుడు అందు లీలావతిగా కనుపించిన సురభి కమలాబాయి ఆ కుటుంబపు బిడ్డయే.

వంశము పెరిగి, శాఖలై, ఒక్కొక్క శాఖ ఒక్కొక్క సమాజమై ఊరూర తిరిగినది. రేకులతోను, గుడారపుగుడ్డలతోను నాటకశాలను తామే కట్టుకొని, ఒక పట్టణమున ఆదరణ ఉన్నంతకాలము నిలిచి, పిమ్మట విప్పి, బండ్లకెత్తి, తరువాతి కాలమున లారీలకెత్తి, మరొక పట్టణమునకు పోవుట వారి జీవితక్రమము. ఆ శాల వెనుకభాగమే వారి ఇల్లు. పొయ్యి రగులుటయు, పసిబిడ్డ ఉయ్యాల ఊగుటయు, కిరీటమునకు తళుకుకాగితము అంటించుటయు, పద్యమునకు శ్రుతి సరిచూచుకొనుటయు ఒక్క కప్పు క్రిందనే. నడక వచ్చిన బిడ్డ బాలకృష్ణుడగును. మాట వచ్చినపిదప లోహితాస్యుడో ప్రహ్లాదుడో యగును. యౌవనమున నాయకుడో నాయికయో యై, నడివయసున కంసుడో యశోదయో యై, కంఠము బరువెక్కిన కాలమున హార్మోనియముకడకో తెరత్రాళ్లకడకో చేరును. అక్కడ నేపథ్యమున పనిచేయుట నటించుటకన్న తక్కువ పనియను భావమే లేదు. ఒక దృశ్యమున రాజుగా సింహాసనముపై కూర్చున్నవాడు, తరువాతి దృశ్యమున కిరీటముతోడనే పక్కకు వచ్చి త్రాడు లాగును.

సురభివారి నాటకములలో మిక్కిలి ప్రసిద్ధమైన మాయాబజారును ముందువరుసనుండి చూచినవారు అందలి వింతలను జీవితాంతము చెప్పుకొందురు. ఘటోత్కచుని నోటికి లడ్లు తమంత తాము ఎగిరిపోవును. బాణమును బాణము ఆకాశమున ఎదుర్కొని నిప్పురవ్వలు రాల్చును. కనురెప్పపాటులో వీధి అరణ్యమగును, అరణ్యము అంతఃపురమగును. అదే నాటకమును పక్కతెరల చాటున నిలిచి చూచినచో మరియొక నాటకము కానవచ్చును. మొదట ఆశ్చర్యము కలిగించునది మౌనము. ముందు రణగొణధ్వనిగా యుద్ధము సాగుచుండగా, వెనుక ఒకరికొకరు కనుసైగలతోనే చెప్పుకొనుచు, పదునైదేండ్ల బాలిక మొదలు అరువదియేండ్ల తాతవరకు ఎవరి త్రాడుకడ వారు నిలిచియుందురు. పైన దూలములకు కట్టిన కప్పీల మీదుగా త్రాళ్లు దిగివచ్చును. ఏ త్రాడు ఏ తెరకు చెందినదో గుర్తుపట్టుటకు వారికి దీపము అక్కరలేదు. బాణము కంటికి ఆనని సన్నని తీగపై సాగును. వెనుకనున్న ముదురురంగు తెరలో ఆ తీగ కలిసిపోవునట్లును, దీపముల వెలుగు దానిపై సూటిగా పడకుండునట్లును అమర్చుటయే అందలి విద్య. తీగ కొంచెము వదులైనను బాణము నడుమనే ఆగును; కొంచెము బిగిసినను ఎదురుబాణమునకు అందక దాటిపోవును. ఇరుప్రక్కల లాగువారు ఒకరినొకరు చూడలేరు. వారిని కలుపునది తబలాపై పడు ఒక దెబ్బ, లేదా పద్యాంతమున నటుడు తీసిన ఒక ఆలాపన. ఆ దెబ్బ తెర ముందున్నవారికి సంగీతము. తెర వెనుకనున్నవారికి ఆజ్ఞ.

తెరలు మారు వేగమునకును ఒక రహస్యము కలదు. అది ఎంత తేటయైనదో, అంత నిశితమైన లెక్కతో కూడినది. రంగమును లోతుగా రెండు మూడు అరలుగా భావించి, ముందరి అరలో వీధిదృశ్యపు తెర దించి, దాని ముందు ఇద్దరు పాత్రలచే హాస్యసంభాషణమో పద్యమో నడిపించుచుండగా, ఆ తెర వెనుక సభామంటపమును, సింహాసనమును, స్తంభములను అమర్చుదురు. ముందరి సంభాషణ ముగియు క్షణమున తెర లేచును, సభ సిద్ధముగా నుండును. నాటకకర్త వ్రాసిన హాస్యఘట్టము కథకు అనవసరమని కొందరు విమర్శకులు ఆక్షేపించుట వినియున్నాను. ఆ ఘట్టము నడుచుచుండగా తెర వెనుక ఎందరు ఎంత బరువు మోయుచున్నారో ఒక్కసారి చూచినచో, ఆ మాటల నిడివి ఆ పని నిడివికి సరిపోల్చి కట్టబడినదని వారికి బోధపడును. పక్కతెరకడ నిలువని విమర్శకునకు మన నాటకరచనలో సగము అర్థము కాదని నా దృఢవిశ్వాసము.

ఇట్లు లోపలి కిటుకులను చూపినచో అద్భుతరసము చెడిపోదా యని అడుగువారు కలరు. ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. వృత్తిరహస్యమే జీవనాధారముగా గల కుటుంబములు దానిని దాచుకొనుట న్యాయము కూడ. అయినను మన రంగస్థలచరిత్రలోనే దీనికి సమాధానము దొరకుచున్నది. 1902లో బాపట్లలో జన్మించి, 1956లో పద్మశ్రీ పురస్కారము పొందిన స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగమున నడచివచ్చినపుడు, ఆమె పురుషుడని ఎరుగనివాడు ఆ సభలో ఒక్కడును లేడు. ఎరిగియే వచ్చిరి. చీరకట్టు, జడ, నడక, కంఠము ఒక్కొక్కటి ఎట్లు సాధింపబడినదో తర్కించుకొనుచు వచ్చిరి. ఆయన తన నటానుభవములను నటస్థానము అను గ్రంథముగా వెలువరించినపుడు దానిని ఆదరించినవారును వారే. తెలియుటచేత వారి ఆనందము ఒక పాలు తగ్గకపోగా రెండింతలైనది: ఒకటి సత్యభామను చూచిన ఆనందము, మరియొకటి సత్యభామను నిర్మించిన శిల్పిని చూచిన ఆనందము. తోలుబొమ్మలాటలోను పిల్లలు తెర ముందు కొంతసేపు కూర్చుండి, పిమ్మట వెనుకకు పోయి బొమ్మలాడించువాని చేతులను చూచి, మరల ముందుకు వచ్చి కూర్చుందురు. మోసము బయటపడినంతనే చెడును. కళ బయటపడినకొలది గౌరవము పొందును.

సురభి చరిత్రలోని ఒక ఘట్టము ఈ సందర్భమున ప్రత్యేకముగా స్మరింపదగినది. కన్నడ దేశీయుడగు బి. వి. కారంత్ బాల్యముననే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, ఆ కంపెనీ తెరల నడుమ పెరిగి, అనంతరము జాతీయ నాటక విద్యాలయమునకు డైరెక్టరైనవాడు. ఆయన 1996లో సురభివారి నడుమకు వచ్చి, కార్యశాలలో వారితో కూడి భీష్మ నాటకమును, మరుసటి యేట చండీప్రియను, 1998లో జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచనను ఆధారముగా గొని బస్తీ దేవత యాదమ్మను రూపొందించెను. కంపెనీ నాటకమున పుట్టిన కళాకారుడు, ఆధునిక రంగస్థలమంతయు చుట్టివచ్చి, మరల కంపెనీ నాటకకుటుంబపు వాకిట నిలుచుట యాదృచ్ఛికముగా నాకు తోచదు. పురాణములకును జానపదకథలకును అలవాటుపడిన నటులచేత, మంచితనముతో బ్రతుకుట ఈ లోకమున సాధ్యమా యను ప్రశ్నను అడిగించు నాటకమును ఆడించుట సాహసము. ఆ సాహసముచేత సురభివారికి అదివరకు వారి గుడారమున కాలిడని ప్రేక్షకవర్గము పరిచయమైనది: నగరములలోని విద్యార్థులు, తెలుగు రాని నాటకప్రియులు, నాటకమును శాస్త్రముగా చదువుకొనువారు. గమనింపదగినదేమనగా, ఈ క్రొత్త ప్రేక్షకులు వాణిజ్యప్రకటనలచేత వచ్చినవారు కారు. కార్యశాలద్వారమున, అనగా నేపథ్యద్వారమున వచ్చినవారు. సమాజమును నడిపించిన ఆర్. నాగేశ్వరరావునకు, బాబ్జీ యని నాటకలోకమున పిలువబడిన ఆయనకు, 2013లో పద్మశ్రీ లభించినది. అదే సంవత్సరమున సురభివారు ఫ్రాన్సు దేశమున మెట్జ్ నగరమునకు పోయి తమ తెరలను, త్రాళ్లను అక్కడ కట్టి ఆడిరి. తెలుగు పద్యములో ఒక్క పాదమైనను అర్థము కాని జనమునకు ఆహార్యమును, యంత్రవిద్యయు భాషగా పనిచేసినవి.

పొరుగున ఉన్న కర్ణాటకమున మరియొక దృష్టాంతము కలదు. హెగ్గోడు అను చిన్న పల్లెలో 1949లో స్థాపింపబడిన నీనాసం, కె. వి. సుబ్బణ్ణ పోషణమున పెరిగి, 1980లో నాటకవిద్యాలయమును, 1985లో ‘తిరుగాట’ అను సంచారసమాజమును ఏర్పరచి, ఊరూర నాటకములను త్రిప్పుచున్నది. పోకతోటల నడుమ ఉన్న ఆ ఊరి రైతు ప్రపంచనాటకములను చూచి చర్చించు స్థితికి ఎట్లు వచ్చెను? నాటకము తయారగుచున్న చోటునకు అతనికి అడ్డు లేకపోవుటచేతనే. అభ్యాసము అతని ఊరిలోనే జరుగును. విద్యార్థులు అతని ఎదుటనే తిరుగుదురు. చర్చలలో అతనికిని ఒక పీట ఉండును. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే పురస్కారము లభించినప్పుడు లోకము మెచ్చుకొన్నది ఒక నాటకశాలనుగాక, ఒక ప్రేక్షకసమాజమును నిర్మించిన దీక్షను.

హైదరాబాదున 1993లో గరిమెళ్ల రామమూర్తి స్థాపించిన రసరంజని, టిక్కెట్టు కొని నాటకము చూచు అలవాటును మన నగరవాసులకు మరల నేర్పుటకు పూనుకొన్నది. పబ్లిక్ గార్డెన్సులోని లలిత కళాతోరణమున సురభివారు చాలకాలము ఆడిన ఆటలకు కుటుంబములు పిల్లలతో కూడ వచ్చెడివి. ఇవి రెండును ఒక మాట చెప్పుచున్నవి: ఫలానా దినమున, ఫలానా వేళకు, ఫలానా చోట నాటకముండునని జనమునకు నమ్మకము కుదిరినచో వత్తురు. ఎప్పుడో ఏడాదికొక ఉత్సవముగా వచ్చి పోవు ప్రదర్శనములచేత అలవాటు ఏర్పడదు. సభాప్రారంభమున గంటలకొలది సన్మానములు జరిపి, రాత్రి పొద్దుపోయిన పిదప తెర ఎత్తుటయు ఇందుకు విఘాతమే. మరునాడు పనికి పోవలసినవారును, ఇంటికి బస్సు దొరకవలసిన స్త్రీలును నాటకము మధ్యలో లేచిపోవుదురు. లేచిపోయినవారిని నిందించుట తగదు.

ఇక పాఠశాలలనుగూర్చి ఒక సూచన చేయుదును. నాటకమును చూపుటకు పిల్లలను సాయంకాలము తీసికొనిపోవుటకన్న, ఆనాటి మధ్యాహ్నమే తీసికొనిపోవుట మేలు. తెరలు కట్టుచుండగా వారు చూడవలెను. రంగుతెరపై రాజప్రాసాదము దగ్గరనుండి చూచినపుడు వట్టి పూతలుగాను, దూరమునుండి స్తంభములుగాను ఎందుకు కనబడునో వారే ముందుకు వెనుకకు నడచి తెలిసికొనవలెను. పలుచని ఇనుపరేకును ఇద్దరు పట్టి ఊపినచో ఉరుము పుట్టుటను, పసుపురంగు దీపమునకు నీలిరంగు కాగితము అడ్డుపెట్టినచో పగలు రాత్రియగుటను తమ చేతులతోనే చేసి చూడవలెను. ముఖమునకు రంగు వేసికొనుచున్న నటి, తానెన్నవయేట తొలి వేషము కట్టినదో, పద్యములు ఎవరివలన నేర్చినదో చెప్పగా వినవలెను. కప్పీ, త్రాడు, బరువు, వెలుగు, నీడ అనునవి వారి విజ్ఞానపాఠములలో ఉన్నవే. పద్యము వారి తెలుగు పాఠములో ఉన్నదే. పుస్తకమున విడివిడిగా పడియున్న ఈ విద్యలన్నియు ఒక్క రంగమున కలసి పనిచేయుట చూచిన పిల్లవాడు ఆ సాయంకాలపు ఆటను ఒక తీరున చూచును, చూడని పిల్లవాడు మరియొక తీరున చూచును.

ఇందు నటులకు కలుగు శ్రమను నేను విస్మరించుట లేదు. ఆటకు ముందరి గంటలు వారికి విలువైనవి. వేషము కట్టుకొను గదిలోనికి ఎవరు పడితే వారు, చేతిలో సెల్‌ఫోను పట్టుకొని, ఫొటోలకై త్రోసికొని పోవుట అనుచితము. కావున వేళ నిర్ణయింపవలెను, చిన్న బృందములుగా పంపవలెను, చూపదగినదేదో దాచదగినదేదో సమాజమువారే నిశ్చయింపవలెను. ఆ శ్రమకు ప్రతిఫలముగా పాఠశాలలు కొంత రుసుము చెల్లింపవలెను. పిల్లలకు ఆటను ఉచితముగా చూపుటయే దయయని భావించువారితో నేను ఏకీభవింపలేను. రేకుల శాలలో కాపురముండి, బిడ్డలను తెరల నడుమ పెంచి, ఒక కళను మనకొరకు మోసిన కుటుంబములకు మనము ఈయవలసినది కూలి. అది దానము కాదు. టిక్కెట్టు వెల స్వల్పముగా నుండవచ్చును, పిల్లవాడు దానిని తన చేతితోనే చెల్లింపవలెను.

ఊరి ఔత్సాహికసమాజములు కూడ ఈ పనికి పూనుకొనవచ్చును. వారికి గొప్ప యంత్రవిద్య అక్కరలేదు. అభ్యాసము జరుగు గది తలుపు వారమునకొక సాయంకాలము తెరచియుంచి, వచ్చినవారిని మూల కూర్చుండనిచ్చి, దర్శకుడు ఒక్క వాక్యమును నటునిచేత పదిమార్లు ఎందుకు పలికించుచున్నాడో చూడనిచ్చిన చాలును. వచ్చిన యువకులలో ఒకరికి దీపములు, ఒకరికి దుస్తులు, ఒకరికి టిక్కెట్ల బల్ల, ఒకరికి తెరత్రాడు అప్పగింపవలెను. తెర వెనుక పని దొరికిన పిల్లవాడు ఆటనాటికి అమ్మను, నాన్నను, పక్కింటి అత్తయ్యను, తన తరగతివారిని వెంటబెట్టుకొని వచ్చును. ఆ వచ్చినవారే టిక్కెట్టు కొని కుర్చీలలో కూర్చుండువారు.